అధ్యక్షుడి బల్లను లాగిన మోకు

తాళ్ల వీధికి వంపు లేదు. ఊళ్ళో మిగతా వీధులన్నీ తోచినట్టు అటూ ఇటూ తిరుగుతాయి గానీ, ఈ వీధి మాత్రం గీత గీసినట్టు ఉంటుంది. ఉండాలి మరి. తాడు పేనేవాళ్ళకి వంకర వీధి దేనికి పనికొస్తుంది? ఒక చివర చక్రం, రెండో చివర కొక్కెం, మధ్యలో బిగదీసి కట్టిన నార. ఇళ్ళు రెండు పక్కలా ఒదిగి నిలబడి తాడుకి దారి విడిచినట్టుంటాయి. ఆ వీధి మనుషులు సగం జీవితం వెనక్కి నడిచే గడిపేస్తారు. నడుముకి నార చుట్టుకుని, వేళ్ళతో కొంచెం కొంచెం అందిస్తూ, వెనక్కి వెనక్కి వెళ్తుంటే చక్రం తిరిగి పురి ఎక్కుతుంది. కొత్తగా చూసినవాళ్ళు నవ్వుతారు. నవ్వుకోనీ. ముందుకి నడిచి వాళ్ళేం ఉద్ధరించారో వాళ్ళనే అడగాలి.

చక్రం ఉన్న చివరే బడి ఉంది. రెండు గదులు, ఒక అరుగు, ఒకే ఒక్క టీచరమ్మ. చక్రం బిగించిన దుంగ బడి గోడకి ఆనుకునే ఉంటుంది. లోపల పిల్లలు ఎక్కాలు వల్లిస్తుంటే బయట చక్రం కిర్రు కిర్రుమని తాళం వేస్తుంది. ఆ చక్రం తిప్పే మనిషే చక్రమ్మ. కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది. అది వీధిలో ఎవరికీ గుర్తులేదు, ఆమెకీ దానితో పనిపడలేదు. మనిషి పొట్టి. కుడి భుజం మాత్రం ఎడమదాని కన్నా ఒక చుట్టు లావు, కొంచెం ఎత్తు. దూరం నుంచి చూస్తే ఎవరితోనో పోట్లాటకి వస్తున్నట్టే ఉంటుంది. దగ్గరికొస్తే నిజంగానే పోట్లాటకి వస్తుంది.

ఆమెని చక్రం దగ్గర నిలబెట్టింది వాళ్ళ అమ్మ. చక్రమ్మకి అప్పుడు ఎనిమిదేళ్ళు. ఆ రోజుల్లో వీధిలో బడి లేదు. బడి వచ్చేసరికి చక్రమ్మ చంకలో కొడుకున్నాడు. తలుపు ఎదురుగా తెరిచి ఉన్నా లోపలికి వెళ్ళే వయసు దాటిపోయింది. కిటికీలోంచి పాఠాలు వినపడేవి. విన్నవన్నీ నోటికి వచ్చేశాయి, ఒక్క అక్షరం మాత్రం కంటికి రాలేదు. కొడుకుని ఆ బడిలోనే చదివించింది. ఇప్పుడు మనవరాలు అందులోనే మూడో తరగతి. ఒక చోట కుదురుగా నిలబడదని దాన్ని అందరూ మిడత అంటారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పేటలు కలిపి తాడు పేనేటప్పుడు తాళ్ల వీధిలో ఎవరూ మాట్లాడరు. చక్రం ఒక చివర, కొక్కెం ఇంకో చివర. మధ్యలో ఉన్న మనిషి 'వదులు' అంటే వదలాలి, 'పట్టు' అంటే పట్టాలి. ఆ రెండు మాటలు వీధి పొడవునా వినపడాలంటే మూడో మాట ఉండకూడదు. ఒక్కరు పొరపాటున వదిలేసినా పేటలు కొరడాల్లా లేస్తాయి. చక్రమ్మ మామగారి మొహం మీద మచ్చ అలా వచ్చిందే. అందుకని ఇల్లు తగలబడుతోందని ఎవరైనా వచ్చి చెప్పినా ముందు తాడు ముగిస్తారు, తర్వాతే నీళ్ళ కోసం పరుగెత్తుతారు. కొంచెం ఎక్కువ చేసి చెప్పినా పెద్ద అబద్ధం కాదు.

కౌన్సిల్ ఆఫీసు నుంచి కళ్ళజోడు ఆఫీసరు వచ్చింది సరిగ్గా అలాంటి వేళే. లారీల వాళ్ళకి మోకు పేనుతున్నారు. ఆయన వీధి మధ్యలో నిలబడి, గొంతు సవరించుకుని, చిన్న బడులని పెద్ద బడుల్లో కలిపే ఆలోచన ఉందనీ, దాని గురించి ఏమైనా చెప్పాలంటే చెప్పమనీ అన్నాడు. ఎవరూ పలకలేదు. మళ్ళీ అడిగాడు. దగ్గరున్న మనిషి కళ్ళతోనే పక్కకి జరగమన్నాడు. ఆయన జరిగాడు. ఈసారి కొంచెం గట్టిగా, "ఎవరికీ అభ్యంతరం లేదా?" అని అడిగాడు. చక్రం కిర్రుమంది. అంత మర్యాదగల వీధిని ఆయన ఇంతకుముందు చూసి ఉండడు. సంతోషంగా వెళ్ళిపోయాడు.

మోకు ముగిశాక, "ఏంటట ఆయన?" అని చక్రమ్మ కేకేసింది.

"బడి బడి అన్నాడు. రంగులేస్తారేమో" అన్నాడు కొడుకు.

"వెయ్యనీ. గోడలు ఎలాగూ మాసిపోయాయి" అంది చక్రమ్మ.

వారం తిరక్కుండా టీచరమ్మ అరుగు మీద కూలబడి అసలు సంగతి చెప్పింది. రంగులూ లేవు, సున్నమూ లేదు. బడి మూసేస్తున్నారు. పిల్లలందరినీ మార్కెట్ అవతల ఉన్న పెద్దబడిలో కలుపుతారు. తాళ్ల వీధిలో ఒక్కరికి కూడా అభ్యంతరం లేదని ఆఫీసరు చెప్పాడట. ఎల్లుండి మీటింగులో చేతులెత్తేస్తే అయిపోయినట్టే.

"అభ్యంతరం లేదని ఎవరన్నారు?" అని చక్రమ్మ లేచింది.

"ఎవరూ ఏమీ అనలేదటండీ. అందుకే లేదని రాసుకున్నాడట."

వీధంతా ఒక్కసారి భగ్గుమంది. పెద్దబడి మంచిది కాదని కాదు. పెద్ద మైదానం, బీరువాల నిండా పుస్తకాలు, అన్నీ ఉన్నాయి. కానీ మధ్యలో మార్కెట్ రోడ్డుంది. లారీలు వెనక్కి తిరిగేటప్పుడు పెద్దవాళ్ళే గోడకి అతుక్కుని నిలబడతారు. చిన్నపిల్లలని ఎవరో ఒకరు దాటించాలి, మళ్ళీ తీసుకురావాలి. ఎవరొస్తారు? తాడు మీద చెయ్యి వేసినవాళ్ళెవరూ మధ్యలో తియ్యలేరు. ఇంట్లో మొగుడూ పెళ్ళాం ఇద్దరూ తాడు మీదే ఉంటారు.

ఆ సాయంత్రం పొయ్యి ముందు కూర్చుని కోడలు మెల్లగా కదిపింది.

"అత్తయ్యా, ఒక మాట చెప్తాను, కోప్పడకండి. మిడతని రోజూ అంత దూరం ఎవరు దింపుతారు? మీకు చూస్తే భుజం నొప్పి. దాన్ని చక్రం దగ్గర నిలబెడితే మీకూ కొంచెం సాయంగా ఉంటుంది. మన కళ్ళ ముందే ఉంటుంది కూడా."

కోడలు చెడ్డ మనిషి కాదు. ఉన్న మనుషులతో ఉన్న పని ఎలా గట్టెక్కుతుందా అని చూసే మనిషి. చక్రమ్మ ఏదో అనబోయింది. ఈలోపే మిడత గెంతింది.

"నిజంగానా అమ్మా? ఇంక బడి లేదా? నేను తిప్పుతా! నాయనమ్మా, రేపట్నుంచే తిప్పుతా! నీకంటే గట్టిగా తిప్పుతా చూడు!"

చక్రమ్మకి నోట మాట రాలేదు. ఆ ఇంట్లో అలా జరగడం అదే మొదటిసారి, కోడలు నిజంగా భయపడింది. చక్రమ్మకి తన మొదటి రోజు కళ్ళముందు కనిపించింది. తను కూడా ఇలాగే గెంతింది. పెద్దవాళ్ళ పని తన చేతికిచ్చారని వీధంతా తిరిగి చెప్పుకుంది. మొదట అది ఆటే. ఆట ఎప్పుడు అయిపోయిందో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఇప్పటికీ మందుసీసా మీద ఏం రాసుందో పక్కింటివాళ్ళని అడగాలి. అడిగే ముందు గొంతు పెంచి ఏదో ఒక విషయం మీద వాళ్ళతో తగువు పెట్టుకుంటుంది, తెలియక అడిగినట్టు ఉండకూడదని.

"నువ్వు చక్రం ముట్టుకుంటే చేతులు విరగ్గొడతాను. పోయి పడుకో" అంది మనవరాలితో.

మిడత మూతి ముడుచుకుంది.

మర్నాడు పొద్దున్నే చక్రమ్మ కోళ్ల మెంబరు దగ్గరికి వెళ్ళింది. కోళ్ల షాపు నడిపే మనిషి. తాళ్ల వీధి తరఫున కౌన్సిల్లో కూర్చునేది ఆయనే. పుట్టింది తాళ్ల వీధిలోనే, చక్రమ్మకి మేనల్లుడి వరస. కౌన్సిల్లో ఇంతవరకూ నోరు తెరిచి ఒక్క మాట మాట్లాడిన దాఖలా లేదు. పక్కవాడి చెయ్యి లేచాక తన చెయ్యి లేపుతాడు, పక్కవాడు దించాక దించుతాడు.

"ఏం అత్తా, పొద్దున్నే ఇటొచ్చావు? కోడి కావాలా?"

"కోడి కాదురా, కోళ్ల మెంబరు కావాలి. ఉన్నాడా, వాడిని కూడా తూచి అమ్మేశావా?"

షాపులో ఉన్న ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు. మెంబరు చేతులు తుడుచుకుంటూ ఇవతలికి వచ్చాడు.

"బడి సంగతేనా? నేనేం చెయ్యను అత్తా? మీ వీధిలో ఎవరికీ అభ్యంతరం లేదని ఆఫీసరు చెప్పాడు."

"తాడు మీద ఉన్నప్పుడు మనం మాట్లాడమని ఆయనకి తెలీదు. నీకూ తెలీదా? మీ నాన్న కొక్కెం పట్టినవాడే కదరా!"

మెంబరు తల గోక్కున్నాడు. "తెలుసు. ఆ టైముకి తట్టలేదు."

"తట్టదు. ఎందుకు తడుతుంది? పక్కవాడికి తడితే కదా నీకు తట్టేది!"

"సరేలే అత్తా, తిట్టు. కానీ విను. మీటింగు రేపు పదింటికి. ఎవరైనా వచ్చి మాట్లాడచ్చు. మీ వీధి నుంచి నలుగురు రండి. వస్తే నేను కూడా ఏదో ఒకటి అంటాను."

"రేపు పదింటికా? రేపు మోకుంది. సాయంత్రానికి లారీల వాళ్ళొచ్చి పట్టుకెళ్ళాలి. ఈసారి చెయ్యిస్తే ఇంక మిల్లు తాడే కొనుక్కుంటామన్నారు."

"అదే మరి. మీరు రారు. రాకపోతే అడిగేవాళ్ళే లేరంటారు. నన్నేం చెయ్యమంటావు చెప్పు?"

చక్రమ్మ తిరిగి వచ్చేసింది. దారిలో కౌన్సిల్ ఆఫీసు ముందు ఆగింది. వీధి దీపం వెలగడం లేదని దెబ్బలాడటానికి గతంలో చాలాసార్లు వచ్చిన చోటే. గేటు తెరిచి ఉంది. గేటు దాటితే ఖాళీ జాగా, తర్వాత మెట్లు, మెట్ల మీంచి పొడుగాటి నడవా, నడవా చివర మీటింగు హాలు, హాలు చివర అధ్యక్షుడి బల్ల. గేటు దగ్గర నిలబడితే బల్ల కాళ్ళు సూటిగా కనపడుతున్నాయి. మధ్యలో ఒక్క వంపు లేదు.

చక్రమ్మ ఒక కన్ను మూసి, ఇంకో కన్నుతో ఆ చివర నుంచి ఈ చివరకి కొలుచుకుంది. మొహం మీద నవ్వు లేదు గానీ లోపల ఎక్కడో మొదలైంది.

"తాడు వదిలి రాలేం. సరే" అంది వీధికి వచ్చి అందరినీ పోగేసి. "తాడుతో సహా రావద్దని ఎవరన్నారు?"

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక కొడుకు భయపడ్డాడు. "అమ్మా, జైల్లో పెడతారే!"

"పెట్టనీ. జైల్లో నడవాలు ఇంకా పొడుగ్గా ఉంటాయి, పెద్ద మోకులు పేనుకోవచ్చు."

కోడలు ఒక్కతే నవ్వలేదు. అత్తగారి వంకే చూస్తూ, "మరి పేటల మధ్య చెక్క దిమ్మ మీరు పట్టుకుంటే చక్రం ఎవరు తిప్పుతారు?" అని అడిగింది.

"నువ్వు."

"నేనా? నేనెప్పుడూ..."

"రోజూ నన్ను చూస్తూనే ఉన్నావుగా. నా నోరు నేర్చుకున్నంత బాగా నా పని కూడా నేర్చుకునే ఉంటావు."

కోడలికి అప్పుడు నవ్వొచ్చింది.

మర్నాడు తెల్లవారుతుండగానే వీధిలో మూడు పేటలకీ విడివిడిగా పురి ఎక్కించేశారు. ఇక మూడింటినీ కలిపి మోకు చెయ్యడమే మిగిలింది. అది మాత్రం కౌన్సిల్ ఆఫీసుకి బయల్దేరింది. చక్రాన్ని దుంగతో సహా బండి మీద ఎక్కించారు. పేటలని భుజాల మీద వేసుకుని వరుసగా నడిచారు. టీచరమ్మ రాలేదు. బడి కోసం పోట్లాడటానికి బడి మూసుకుని వస్తే ఇంక పోట్లాట దేనికి? పిల్లలంతా లోపలే ఉన్నారు, మిడత కూడా.

గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డం వచ్చాడు. "ఏంటమ్మా ఇదంతా? ఎక్కడికి?"

"మీటింగుకి. ఎవరైనా రావచ్చట కదా?"

"రావచ్చు. ఈ చక్రం ఏంటి?"

"చేతిపని. పోయినసారి ఎవరో ఒకావిడ ఊలు అల్లుకుంటూ కూర్చుంటే నువ్వే కుర్చీ వేశావు. నేను చూశాను. ఆవిడది చిన్న చేతిపని, నాది కొంచెం పెద్దది."

వాచ్‌మన్ బుర్ర గోక్కునేలోపే చక్రం గేటు లోపల దిగింది. దుంగని రాళ్ళతో బిగించారు. మూడు పేటల చివర్లు చక్రం కొక్కేలకి తగిలించారు. రెండో చివర్లు మెట్లెక్కి, నడవా దాటి, హాల్లోకి వెళ్ళి అధ్యక్షుడి బల్ల దగ్గర ఆగాయి.

పేటలకి పురి ఎక్కేకొద్దీ పొడవు తగ్గుతుంది. అందుకని రెండో చివర కొక్కేన్ని ఒక బరువైన వస్తువుకి కడతారు. తాడు లాగిన కొద్దీ అది మెల్లగా నేల మీద జారుతూ రావాలి. మరీ తేలిగ్గా ఉండకూడదు, అసలు కదలకుండా ఉండకూడదు. వీధిలో అయితే రాళ్ళు నింపిన చెక్క పెట్టె ఉంది. ఇక్కడ అధ్యక్షుడి బల్ల ఉంది. అంతకంటే మంచి బరువు చక్రమ్మ జన్మలో చూడలేదు.

కొడుకు కొక్కేన్ని బల్ల కాళ్ళకి కట్టాడు. చక్రమ్మ మూడు గాడులున్న చెక్క దిమ్మని పేటల మధ్య ఇరికించి, మొహం బల్ల వైపు, వీపు వాకిలి వైపు పెట్టి నిలబడింది. మెంబర్లు ఒక్కొక్కళ్ళే వస్తున్నారు. ఆశ్చర్యపోయి గోడవారగా సర్దుకుని కూర్చుంటున్నారు. అధ్యక్షుడు గుమ్మంలో కనిపించగానే చక్రమ్మ గొంతెత్తి ఒకే ఒక్క మాట అంది.

"తిప్పు!"

బయట కోడలు చక్రం తిప్పింది.

అధ్యక్షుడు గుడ్డల షాపు యజమాని. ఇస్త్రీ మడత నలగని మనిషి. పేటల పక్కగా ఒంటి బట్ట తగలకుండా నడిచి, తన కుర్చీ దాకా వెళ్ళి, అప్పుడు అరిచాడు.

"ఏంటిది? ఎవరు మీరు?"

ఎవరూ పలకలేదు.

"మిమ్మల్నే అడుగుతున్నాను! ఏం కావాలి మీకు?"

చక్రమ్మ ఆయన కళ్ళలోకి చూస్తూ దిమ్మతో పాటు ఒక అడుగు వెనక్కి వేసింది. దిమ్మకి అవతల, బల్ల వైపున, మూడు పేటలు ఒకదాన్నొకటి పెనవేసుకుని మోకు మొదలైంది.

"వాచ్‌మన్! తియ్యించెయ్ ఇవన్నీ!"

వాచ్‌మన్ చెయ్యి పెట్టబోయాడు. అప్పుడు లేచాడు కోళ్ల మెంబరు. తను లేచినట్టు తనకే ఆలస్యంగా తెలిసినట్టుంది, ఒక్క క్షణం అటూ ఇటూ చూశాడు. పక్కవాళ్ళెవరూ లేవలేదు. అయినా కూర్చోలేదు.

"ముట్టుకోవద్దు!" అన్నాడు గట్టిగా. "ఇప్పుడు వదిలితే పేటలు కొరడాల్లా లేస్తాయి. మనందరి మొహాలూ పగిలిపోతాయి. తాడు అయ్యేదాకా ఆగాలండీ. అప్పటిదాకా వాళ్ళు మాట్లాడరు. వాళ్ళ పద్ధతి అంతే. మా నాన్న కూడా అంతే."

గోడవార నుంచి కళ్ళజోడు ఆఫీసరు ముందుకి వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

"ఆ రోజు కూడా ఇలాగే ఉన్నారు సార్" అన్నాడు. "నేను మూడుసార్లు అడిగాను. ఎవరూ పలకలేదు. ఒప్పుకున్నారని అనుకున్నాను." వంగి పేటల వంక చూశాడు. "తాడు మీద ఉన్నారని నాకు తెలీదు సార్."

ఆ మాట చెప్పడానికి ధైర్యం కావాలి. చక్రమ్మ అప్పటిదాకా ఆయన కోసం చాలా తిట్లు పోగుచేసి ఉంచింది. వాటిలో సగం అక్కడే వదిలేసింది. మిగతా సగం దాచుకుంది, ఎప్పుడైనా పనికొస్తాయని.

అధ్యక్షుడు ఏదో అనబోయి బల్ల మీద చెయ్యి వేశాడు. బల్ల అక్కడ లేదు. జానెడు ముందుకి జరిగి ఉంది. ఆయన కుర్చీ జరుపుకున్నాడు. బల్ల ఇంకొంచెం జరిగింది. ఆయనా జరిగాడు. మందుల షాపు నడిపే ఒకావిడ మెంబరుగా ఉంది. మొదట ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, తర్వాత చెయ్యి కూడా చాలలేదు. ఆవిడ నవ్వు చూసి పక్కవాళ్ళు, వాళ్ళని చూసి వాచ్‌మన్. అధ్యక్షుడు మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని, కుర్చీ ఈడ్చుకుంటూ, తన బల్ల వెనక తనే ఊరేగుతున్నాడు. నవ్వనిది తాళ్ల వీధి వాళ్ళే. వాళ్ళు తాడు మీద ఉన్నారు.

"వదులు!" అని చక్రమ్మ. వదిలారు. "పట్టు!" పట్టారు. ఆమె వెనక్కి వెనక్కి నడిచి, నడవా దాటి, మెట్లు దిగింది. మెట్ల దగ్గర కాలు ఎక్కడ పడుతుందోనని హాల్లో వాళ్ళంతా మెడలు సాచి చూశారు. కాలు పడాల్సిన చోటే పడింది. చక్రం దాకా వచ్చి దిమ్మని పక్కకి లాగింది.

"ఆపు!"

కోడలు చక్రం ఆపింది. అరచేతులు కందిపోయి ఉన్నాయి. వాటి వంక ఒకసారి చూసుకుంది, అత్తగారి వంక ఒకసారి చూసింది. "అత్తయ్యా, దీని దగ్గర మిడతని నిలబెడదామన్నానా నేను?" అంది చిన్నగా.

"అన్నావు. ఇప్పుడు లోపలికి పద. ఆ చేతులు చూపిద్దాం."

తాళ్ల వీధి మొత్తం మోకు పక్కనే నడుచుకుంటూ హాల్లోకి వచ్చింది. ఇక నోళ్ళు తెరవచ్చు గనక అందరూ ఒక్కసారే తెరిచారు. అధ్యక్షుడు రెండు చెవులూ మూసుకున్నాడు. చక్రమ్మ వెనక్కి తిరిగి ఒక్క చూపు చూసింది, వీధి నోరు మూసింది.

"అయ్యా, మా వీధికి అభ్యంతరం ఉంది" అంది. "ఆ రోజు చెప్పలేదు, ఇవాళ చెప్తున్నాం. రాసుకోండి."

అధ్యక్షుడు మొహం తుడుచుకున్నాడు. మంచి మాటలతోనే చెప్పబోయాడు. "అమ్మా, మీ పిల్లలకి మంచిదనే చేస్తున్నాం. ఆ రెండు గదుల బడిలో ఏముంది? పిల్లలు గుప్పెడు మంది. అక్కడైతే తరగతికి ఒక టీచరు, పుస్తకాలు, మైదానం..."

"పెద్దబడి మంచిదే. ఎవరు కాదన్నారు? అక్కడిదాకా చేరితే కదా మంచిది! మేం తాడు వదలలేమని కళ్ళారా చూశారు. వాచ్‌మన్ చెయ్యి పెట్టబోయినా వదల్లేదు, పిల్లల కోసం పదింటికొకసారి నాలుగింటికొకసారి ఎలా వదులుతాం? మీరు బడి మూస్తే మా పిల్లలు పెద్దబడికి పోరు. ఇక్కడికొస్తారు." కోడలి చేతులు పట్టుకుని బల్ల మీద చాపింది. "ఒక్క పూటకే ఇలా ఉన్నాయి. ఇవి పెద్దదాని చేతులు. నా మనవరాలికి ఎనిమిదేళ్ళు. అది చక్రం దగ్గరకి రావాలని మీరు చేతులెత్తుతారా? ఎత్తండి. ఎవరెవరు ఎత్తారో నేను చూస్తూ ఉంటాను."

ఎవరూ ఎత్తలేదు.

"మరి పెద్ద పిల్లలో?" అని అడిగింది మందుల షాపు ఆవిడ.

"రోడ్డు దాటే వయసొస్తే మేమే పంపుతాం. మీరు వద్దన్నా పంపుతాం. చిన్నవాళ్ళని మాత్రం మా కళ్ళముందు ఉండనివ్వండి."

మందుల షాపు ఆవిడ అధ్యక్షుడి వైపు తిరిగింది. పెద్దబడిలో చిన్న తరగతులు ఇప్పటికే కిక్కిరిసి ఉన్నాయనీ, తన షాపు చుట్టుపక్కల కూలీల పిల్లలు కూడా ఆ రోడ్డు దాటలేక ఇళ్ళలోనే ఉండిపోతున్నారనీ చెప్పింది. చిన్న తరగతులన్నీ తాళ్ల వీధిలో, పెద్ద తరగతులన్నీ అవతల పెడితే రెండు బడులూ నిండుతాయి కదా అంది. కలపడమంటే ఒకదాన్ని మూసెయ్యడమే ఎందుకవ్వాలి అని కూడా అడిగింది. అలాంటి మాట ఒక మందుల షాపు ఆవిడకి తట్టింది గానీ, కుర్చీలో కూర్చున్న ఆయనకి తట్టలేదు. కుర్చీ కదిలితే గానీ కొందరికి బుర్ర కదలదు.

అధ్యక్షుడు తన బల్ల వంక చూశాడు. అది హాలు మధ్యకి వచ్చేసింది. ఉన్నట్టుండి ఆయనకి కూడా నవ్వొచ్చింది. నవ్వితే మనిషి బాగానే ఉన్నాడు.

"సరే, అలా చేద్దాం అనేవాళ్ళు చేతులెత్తండి."

కోళ్ల మెంబరు చెయ్యి అందరికంటే ముందు లేచింది. పక్కవాళ్ళ వంక చూడను కూడా లేదు. తర్వాత మందుల షాపు ఆవిడది, తర్వాత ఒకటొకటిగా అందరివీ. ఎత్తకూడని కళ్ళజోడు ఆఫీసరు కూడా సగం దాకా ఎత్తి, గుర్తొచ్చి దించేశాడు.

"అత్తా, చూశావా?" అన్నాడు మెంబరు చెయ్యి ఇంకా దించకుండా.

"చూశాను. ఇక దించు, తిమ్మిరెక్కుతుంది."

తిరిగి వచ్చేటప్పుడు మోకుని పొడుగ్గా భుజాల మీద వేసుకున్నారు. ముందు చక్రమ్మ, వెనక కొడుకు, కోడలు, వీధివాళ్ళు. మార్కెట్ రోడ్డు మీద లారీలు ఆగిపోయాయి, అంత పొడుగాటి మనుషుల వరస దాటాలంటే మరి ఆగక తప్పదు. డ్రైవర్లు తలలు బయటపెట్టి ఏంటి సంగతని అడిగారు. అడిగిన ప్రతివాడికీ చక్రమ్మ మొదటి నుంచీ చెప్పింది. ప్రతిసారీ బల్ల ఇంకో మూర ఎక్కువ జరిగింది. సాయంత్రం లారీల వాళ్ళు మోకు తీసుకెళ్ళడానికి వచ్చేసరికి బల్ల గేటు దాటి వీధిలోకి వచ్చేసింది, దాని మీద అధ్యక్షుడు కూర్చునే ఉన్నాడు.

మర్నాడు పొద్దున మిడత పక్క మీంచి లేవలేదు.

"కడుపు నొప్పి నాయనమ్మా."

"ఎక్కడ?"

మిడత మోకాలు చూపించబోయి సర్దుకుని పొట్ట చూపించింది.

"ఓహో. నిన్న సాయంత్రం దాకా బానే ఉన్నావు. బడి ఉందని తెలియగానే వచ్చిందా?"

"బడి పోతుందన్నారుగా! నేను చక్రం తిప్పుతానని అందరికీ చెప్పేశాను. ఇప్పుడు వాళ్ళంతా నవ్వుతారు. అంతా నీ వల్లే!"

చక్రమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని మనవరాలిని చూసింది. ఊరంతా ఆమెని పొగుడుతోంది. తాళ్ల వీధిలో కుర్రాళ్ళు నిన్నటి నుంచీ ఆమె నడకని అనుకరిస్తూ వెనక్కి నడుస్తున్నారు. ఎవరి కోసం చేసిందో ఆ మనిషి మాత్రం పక్క మీద కూర్చుని పళ్ళు కొరుకుతోంది.

"నా వల్లే. అవును. లే!"

మొహం కడిగించింది, జుట్టు దువ్వింది, పలకా పుస్తకం చేతిలో పెట్టింది. చెయ్యి పట్టుకుని ఈడ్చుకుంటూ వెళ్ళింది. మిడత ఒక కాలు నేలకి రాస్తూ, ముక్కు ఎగబీలుస్తూ, దారి పొడుగునా నాయనమ్మని తిట్టింది. తిట్లు బాగానే వస్తున్నాయి దానికి, ఎవరి దగ్గర నేర్చుకుందో అడగక్కర్లేదు. గుమ్మం ముందు టీచరమ్మ నిలబడి ఉంది. ఆవిడ పక్కన మందుల షాపు దగ్గరి కూలీల ఇళ్ళ నుంచి ఎవరో ఇద్దరు పసివాళ్ళు కొత్తగా వచ్చి బిక్కమొహాలు వేసుకుని ఉన్నారు.

"ఇదిగోనండి, మీ మనిషి" అని చక్రమ్మ మిడతని లోపలికి తోసింది. "కడుపు నొప్పట. రాస్తూ ఉంటే తగ్గిపోతుంది."

మిడత ఏడుస్తూనే లోపలికి వెళ్ళింది. ఏడిస్తే ఏడవనీ. వెళ్ళింది కదా.